బ్రేక్ నిపుల్ సగానికి విరిగితే ఏం చేయాలి? పాత పికప్పులు, మినీ లారీల కోసం

బ్రేక్ ఆయిల్‌లో చేరిన గాలిని (ఎయిర్‌ని) బయటికి వదలడానికి ప్రతి చక్రం దగ్గరా ఉండే చిన్న మర ఈ నిపుల్. పానా వేసి తిప్పుతుంటే మొదట మొరాయిస్తుంది. ఇంకాస్త బలం పెడితే ఉన్నట్టుండి మెత్తగా కదులుతుంది. హమ్మయ్య, వచ్చేసింది అనుకుంటారు. ఆ మెత్తదనాన్ని మాత్రం నమ్మకండి. మరుక్షణం నిపుల్ తల పానాతో పాటు చేతిలోకి వస్తుంది, కింది సగం సిలిండర్‌లోనే ఉండిపోతుంది.

పోయిన ఎండాకాలంలో మా బావ పికప్‌కి సరిగ్గా ఇదే అయింది. పద్నాలుగేళ్ల బండి. ఆకివీడు చుట్టుపక్కల చెరువుల మీద నుంచి చేపల ట్రేలు, రొయ్యల ట్రేలు మోస్తుంది. ఐసు కరిగిన నీళ్లు తొట్టి సందుల్లోంచి నేరుగా వెనక ఇరుసు మీద కారతాయి. ఉప్పునీటి రొయ్యల లోడైతే ఇక చెప్పక్కర్లేదు. బ్రేక్ ప్లేటు వెనక చెయ్యి పెడితే తుప్పు పెచ్చులుగా రాలింది. ఎయిర్ తీద్దామని కూర్చున్నాం, విరిగిన నిపుల్ చేత్తో పట్టుకుని లేచాం.

ఇది బ్రేక్ ఆయిల్‌తో పనిచేసే బళ్ల సంగతి: టాటా ఏస్, బొలెరో పికప్, పాత 407 లాంటివి. ఆగినప్పుడు టుస్సుమని గాలి వదిలే పెద్ద లారీల చక్రాల దగ్గర ఈ నిపుల్ ఉండదు, వాటివి గాలి బ్రేకులు. మనవాళ్లు ఈ సైజు బండి ఏదైనా సరే డీసీఎం అనేస్తారు. 1980ల్లో వచ్చిన డీసీఎం టొయోటా పేరు అది. ఆ కంపెనీ ఎప్పుడో పోయినా పేరు మాత్రం రోడ్ల మీదే ఉండిపోయింది. మీ బండి అసలు ఏ రకమో, పెడల్ తొక్కితే చక్రాలకి ఆయిల్ తోసే మాస్టర్ సిలిండర్ మీద ఆయిల్ డబ్బా ఉందో లేదో చూస్తే తెలిసిపోతుంది.

ముందు నిపుల్ ఎలా ఉంటుందో తెలుసుకోండి

కొత్త నిపుల్ ఒకటి కొని అరచేతిలో పెట్టుకుని చూడండి. ఎలాగూ కావాలి, పెద్ద ఖరీదేం కాదు. పైన పానా పట్టే ఆరు పలకల తల, కింద మరలు, చివర పెన్సిల్ ములుకులా కోసుగా ఉంటుంది. పైనుంచి నడిమధ్యగా ఒక సన్నటి బెజ్జం దిగి, ములుకు దగ్గర ఆగిపోతుంది. అక్కడ పక్కనుంచి ఇంకో చిన్న బెజ్జం వచ్చి దాన్ని కలుస్తుంది. అంటే ఇది గట్టి బోల్టు కాదు, గొట్టం. అందుకే అంత తేలిగ్గా తెగుతుంది.

ఇంకో సంగతి. ఆయిల్ కారకుండా ఆపేది మరలు కాదు, ఆ ములుకు. అది సిలిండర్ అడుగున ఉన్న సీటు మీద కూర్చుని దారి మూసేస్తుంది. కిందకి చెప్పేదంతా ఈ ఒక్క విషయం మీదే ఆధారపడి ఉంటుంది. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టి లీకు ఆపుదామనుకునే వాళ్లని చాలామందిని చూశాను. సీటు పాడైతే ఎన్ని చుట్లు చుట్టినా ఆగదు.

ఇంకా విరగలేదా? అయితే తొందరపడొద్దు

బండిని చదునైన నేల మీద పెట్టండి. వెనక చక్రాలు లేపుతున్నారంటే హ్యాండ్ బ్రేక్ మీద ఆశ పెట్టుకోకండి. చాలా బళ్లలో అది పనిచేసేది ఆ వెనక డ్రమ్ముల మీదే, పైగా డ్రమ్ము ఊడాలంటే దాన్ని వదలాల్సిందే. ముందు చక్రాలకి రెండు వైపులా చెక్క దిమ్మలు గట్టిగా కొట్టండి. జాకీ మీద బండి ఉండగా కిందకి దూరకండి. స్టాండ్లు ఇరుసు కింద పెట్టాలి, ఛాసిస్ కింద కాదు. ఎందుకో ఎయిర్ తీసేటప్పుడు చెబుతాను.

ఇప్పుడు వైరు బ్రష్షుతో నిపుల్ మొదలు చుట్టూ తుప్పు, బురద గీకేయండి. తుప్పు వదిలించే స్ప్రే మొదలు దగ్గర మాత్రమే కొట్టండి. ముందురోజు సాయంత్రం ఒకసారి, రాత్రి ఒకసారి, పొద్దున్నే ఒకసారి. కొట్టగానే పానా వేస్తే ఉపయోగం లేదు, దానికి మరల్లోకి దిగే టైమివ్వాలి. నిపుల్ బెజ్జంలోకి మాత్రం కొట్టొద్దు. పెట్రోలు, డీజిల్, కిరసనాయిలు జాతి నూనె ఏదైనా బ్రేక్ ఆయిల్‌లో కలిస్తే లోపలి రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. డీజిల్‌తో బ్రేక్ సామాన్లు కడిగే అలవాటు మన షెడ్డుల్లో ఇంకా ఉంది. మీరు మాత్రం చేయకండి. బ్రేక్ ఆయిల్‌తోనో స్పిరిట్‌తోనో (ఆల్కహాల్ రకం) కడగండి.

తర్వాత తట్టడం. నిపుల్ బెజ్జంలో సరిగ్గా పట్టే పాత డ్రిల్ బిట్టు ఒకటి వెతికి, నున్నటి కాడ వైపు నుంచి లోపలికి దించండి. బెజ్జం కొలత బండిని బట్టి మారుతుంది, చేత్తో దించితే వదులు లేకుండా దిగాలి. ఇప్పుడు గొట్టం కాస్తా గట్టి కడ్డీ అయింది. పానా పట్టినా, గ్రిప్ ప్లయర్ నొక్కినా లోపలికి నలిగిపోదు. చిన్న సుత్తితో తల మీద నిలువుగా పది పదిహేను చిన్న దెబ్బలు వేయండి. మరల మధ్య పట్టుకున్న తుప్పు ఆ అదురుకి చిట్లుతుంది. మా బావ బండికి ముందు వైపు నిపుళ్లు రెండూ ఇలాగే దక్కాయి. వెనక దానికి కూడా ఇదే చేసి ఉంటే విరిగేది కాదేమో. అప్పుడు నాకు టీ తాగాలన్న తొందర ఎక్కువైంది.

పానా ఆరు పలకల రింగుదో, ఆరు పలకల గోటీయో (సాకెట్) అయి ఉండాలి. ఫిక్స్ పానా వేస్తే మూలలు అరిగిపోతాయి. ముందు విప్పే వైపు కాదు, బిగించే వైపు వెంట్రుకవాసి తిప్పండి. తర్వాత విప్పే వైపు అంతే. అలా ముందుకీ వెనక్కీ ఆడించండి. కదిలిన ప్రతిసారీ ఒక చుక్క స్ప్రే వేయండి. రబ్బరు సాగినట్టు మెత్తగా తిరుగుతోంది గానీ మొదలు దగ్గర మర కదలడం లేదంటే, నిపుల్ మెలిపడుతోందని అర్థం. అక్కడితో చెయ్యి తీసేయండి.

వేడి పెట్టడం ఆఖరి ఉపాయం. పెడితే నిపుల్‌కి కాదు, దాని చుట్టూ ఉన్న ఇనుముకి పెట్టాలి. చుట్టూ ఉన్నది వ్యాకోచిస్తే నిపుల్ వదులవుతుంది. వేడెక్కాక కొవ్వొత్తి తాకిస్తే మైనం కరిగి మరల్లోకి తనంతట తానే దిగుతుంది, ఇది బాగా పనిచేస్తుంది. కానీ లోపలి రబ్బరు సీళ్లు కాలిపోతాయి కాబట్టి, ఎలాగూ కిట్టు మార్చేటప్పుడే ఈ పని. బ్రేక్ ఆయిల్ అంటుకుంటుంది, ఆ సంగతి మరవొద్దు. ఇంకోటి, బ్రేక్ క్లీనర్ స్ప్రేల్లో క్లోరిన్ కలిసినవి ఉంటాయి. అలాంటిది కొట్టిన చోట మంట పెడితే ఫాస్జీన్ అనే విషవాయువు పుడుతుంది. డబ్బా మీద చదివి, ఏ మాత్రం అనుమానం ఉన్నా మంట జోలికి వెళ్లొద్దు.

విరిగింది. ఇప్పుడేంటి?

టెన్షన్ పడకండి. ములుకు సీటు మీద కూర్చునే ఉంటే ఆయిల్ కారదు. తుడిచి, ఎవరినైనా బ్రేకు గట్టిగా తొక్కి పట్టుకోమని చూడండి. చెమ్మ కూడా రాకపోతే, పెడల్ ఎప్పటిలా గట్టిగా నిలబడితే, బండిని ఖాళీగా, నెమ్మదిగా షెడ్డు దాకా తీసుకెళ్లొచ్చు. చుక్క కనిపించినా, పెడల్ మెత్తగా దిగినా బండి కదపొద్దు.

తర్వాత అది ఎక్కడ విరిగిందో చూడండి. వెనక డ్రమ్ములో లైనర్లని (బ్రేక్ పట్టీలని) డ్రమ్ముకి అదిమే వీల్ సిలిండర్‌దా, ముందు డిస్కుని రెండు పక్కలా నొక్కి పట్టే క్యాలిపర్‌దా? దారి ఇక్కడే రెండుగా చీలుతుంది.

వీల్ సిలిండర్ అయితే డ్రిల్లు బయటకి తీయకండి, సిలిండరే మార్చేయండి. కొన్ని వందల రూపాయల సరుకు. నిపుల్ అంత తుప్పు పట్టిందంటే లోపల బోరు (పిస్టన్ కదిలే గుండ్రటి రంధ్రం) కూడా గుంటలు పడే ఉంటుంది. విరిగిన ముక్క తీయడానికి సగం రోజు పెట్టి, నెల తిరక్కుండా అదే సిలిండర్ కారితే ఎవరికి లాభం?

సిలిండర్ మార్చేటప్పుడు

డ్రమ్ము రాకపోతే సుత్తితో బాదే ముందు అడ్జస్టర్ వెనక్కి తిప్పి లైనర్లు లోపలికి దించండి. చాలా డ్రమ్ముల ముఖం మీద రెండు మర బెజ్జాలు ఉంటాయి. వాటిలో సరైన బోల్టులు రెండు వేసి సమంగా బిగిస్తూ పోతే డ్రమ్ము తనే బయటికి వస్తుంది. లోపలి దుమ్ముని నోటితో ఊదొద్దు, కంప్రెసర్ గాలి కూడా కొట్టొద్దు. పాత లైనర్లలో ఆస్బెస్టాస్ ఉండొచ్చు. తడిగుడ్డతో తుడిచేయండి.

స్ప్రింగులు విప్పే ముందు ఫోనులో ఫొటో తీయండి. ఒక వైపు పూర్తయ్యాకే రెండో వైపు విప్పండి, అనుమానం వస్తే చూసుకోవడానికి ఒకటి అలాగే ఉంటుంది.

అసలు కష్టం బ్రేక్ పైపు నట్టు దగ్గర. నిపుల్‌కి పట్టిన తుప్పే దానికీ పట్టి ఉంటుంది. సిలిండర్ బోల్టులు విప్పకముందే, సిలిండర్ గట్టిగా ఉండగానే ఈ నట్టు వదులు చేయాలి. పైపు నట్ల కోసం ఒక పక్క చీలిక ఉండే రింగ్ పానా దొరుకుతుంది, అదే వాడండి. నట్టుతో పాటు పైపు కూడా మెలిపడుతుంటే ఆపేయండి. పైపు తెగితే పని రెట్టింపవుతుంది. మాస్టర్ సిలిండర్ డబ్బా మూత కింద పల్చటి ప్లాస్టిక్ కాగితం వేసి బిగిస్తే గాలి దూరక ఆయిల్ కారడం బాగా తగ్గుతుంది. పని అయ్యాక ఆ కాగితం తీయడం మర్చిపోవద్దు.

కొత్త సిలిండర్ కొనేటప్పుడు పాతది పట్టుకెళ్లి బోరు కొలత సరిచూడండి. చూడ్డానికి ఒకేలా ఉండి బోరు వేరుగా ఉన్నవి వస్తుంటాయి. తేడా పడితే బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకి లాగుతుంది. బిగించేటప్పుడు ముందు పైపు నట్టుని వేళ్లతోనే మూడు నాలుగు మరలు పట్టించండి, ఆ తర్వాతే సిలిండర్ బోల్టులు. లైనర్లకి ఆయిల్ అంటి ఉంటే కాల్చో కడిగో వాడేయకండి. మార్చండి, అదీ రెండు వైపులా.

క్యాలిపర్ అయితే

ఇక్కడ కాస్త కష్టపడొచ్చు, ఎందుకంటే క్యాలిపర్ ఖరీదు ఎక్కువ, పాత బళ్లకి దొరకడమూ కష్టం. కానీ బండి మీద ఉండగా డ్రిల్లు వేయొద్దు. విప్పి, పిస్టన్ బయటికి తీసి, బల్ల మీద వైసులో బిగించి చేయాలి. పిస్టన్ గాలితో తోసేటప్పుడు ఎదురుగా చెక్క ముక్క పెట్టండి, వేళ్లు పెట్టకండి. అది తుపాకి గుండులా వస్తుంది.

విరిగిన ముక్క కాస్త పైకి ఉంటే మీ అదృష్టం. బెజ్జంలో డ్రిల్ బిట్టు కాడ దించి, గ్రిప్ ప్లయర్‌తో పట్టి ఆడించండి. లేదంటే లేత్ షాపుకో వెల్డింగ్ షాపుకో తీసుకెళ్లి, ఆ ముక్క మీద ఒక నట్టు పెట్టి వెల్డింగ్ కొట్టించండి. చల్లారుతుండగా పానాతో నట్టు తిప్పితే ముక్క దానితో పాటే వచ్చేస్తుంది. వెల్డింగ్ వేడే సగం పని చేస్తుంది. రబ్బర్లన్నీ తీసి, ఆయిల్ పూర్తిగా కడిగి ఆరబెట్టాకే ఇది చేయించాలి. అల్యూమినియం క్యాలిపర్ అయితే ఈ పద్ధతి వద్దు.

ముక్క లోపలికే విరిగితే చాలామంది ముందుగా, విరిగిన బోల్టులు తిప్పి లాగే ఈజీ అవుట్ అనే పనిముట్టు తీస్తారు. నేనూ ఒకసారి తీశాను. కొసకి సన్నబడే మేకులాంటి రకం అది. గొట్టంలోకి దిగేకొద్దీ గొట్టాన్ని వెడల్పు చేసి, మరలకి ఇంకా గట్టిగా అదుముతుంది. నాది లోపలే పుటుక్కుమంది. దాని ఉక్కు ఎంత గట్టిదంటే మామూలు బిట్టు దాని మీద గీత కూడా పెట్టలేదు. ఆ క్యాలిపర్ పాత ఇనుము కొట్టుకి వెళ్లింది. వాడాలనే ఉంటే నాలుగు పలకల రకం తెచ్చి, కొట్టి దించి, మెల్లగా తిప్పండి. కదలకపోతే బలవంతం వద్దు.

మిగిలింది డ్రిల్లింగ్. నిపుల్ మధ్యలో బెజ్జం ఎలాగూ ఉంది కాబట్టి బిట్టు పక్కకి జారదు, అదొక్కటే మన పుణ్యం. పైభాగం ఎగుడుదిగుడుగా ఉంటే ఆకురాయితో చదును చేయండి. బెజ్జం కంటే అర మిల్లీమీటరు పెద్ద బిట్టుతో మొదలుపెట్టి, అర మిల్లీమీటరు చొప్పున పెంచుకుంటూ వెళ్లండి. ఎంత లోతుకి వెళ్లాలో కొత్త నిపుల్ పక్కన పెట్టి కొలిచి, బిట్టుకి రంగు టేపు చుట్టండి. టేపు అంచు ములుకు మొదలయ్యే చోటికి ఇవతలే ఆగాలి. ఎడమవైపు తిరిగే బిట్టు దొరికితే ఇంకా మంచిది, ఒక్కోసారి డ్రిల్ చేస్తుండగానే ముక్క వదులై బయటికి వచ్చేస్తుంది.

చివరికి బిట్టు మరల అంచుల దగ్గరికి వచ్చేసరికి నిపుల్ పల్చటి రేకులా మిగులుతుంది. దాన్ని సన్నటి మేకుతో లోపలికి మడిచి తీయండి. అడుగున ములుకు ముక్క ఉండిపోతుంది, మెల్లగా కదిపి బోర్లించి తట్టండి. తర్వాత ట్యాపు, అంటే బెజ్జంలో మరలు కోసే పనిముట్టు. నిపుల్ ఎం7 (మర వ్యాసం 7 మిల్లీమీటర్లు), మర 1 (రెండు మరల మధ్య దూరం 1 మిల్లీమీటరు) అయితే ట్యాపు బెజ్జం 6 మిల్లీమీటర్లు, ఎం8, మర 1.25 అయితే 6.8, ఎం10, మర 1 అయితే 9. అంతకు మించి బిట్టు పెంచొద్దు. ట్యాపు చేత్తోనే తిప్పాలి, అరచుట్టు ముందుకి, పావుచుట్టు వెనక్కి. సీటుకి తాకకముందే ఆపేయాలి.

టార్చి వేసి సీటు చూడండి. చుట్టూ ఒకే మెరుపు రింగు కనబడితే పని అయినట్టే. బిట్టు గీత కనబడితే ఆ క్యాలిపర్ మీద ఆశ వదులుకోండి. ఇనుప రజను ఒక్క రవ్వ కూడా లోపల మిగలకూడదు. కడిగి, గాలి కొట్టి, మళ్లీ కడిగి, కొత్త సీళ్లు వేసి పిస్టన్ ఎక్కించండి.

రెండు క్యాలిపర్లూ విప్పి ఉంటే కుడి ఎడమలు తారుమారు చేయకండి. నిపుల్ ఎప్పుడూ పైవైపే ఉండాలి. తారుమారైతే అది కిందకి వస్తుంది, గాలి పైన దాక్కుంటుంది. లీటర్లకి లీటర్లు ఆయిల్ పోసినా పెడల్ మెత్తగానే ఉంటుంది.

ఎయిర్ తీయడం

ఆయిల్ డబ్బా మూత మీద డాట్ 3, డాట్ 4 అని ఏది రాసి ఉంటే అదే పోయండి. కొత్త డాట్ 3 మరిగేది కనీసం 205 డిగ్రీల దగ్గర, చెమ్మ పీల్చుకున్నాక అది 140కి పడిపోవచ్చు. అందుకే ఎప్పుడో మూత తీసిన డబ్బా వాడొద్దు. డాట్ 5 సిలికాన్‌ది, వీటితో కలపకూడదు. బ్రేక్ ఆయిల్ బండి పెయింటు మీద పడితే వెంటనే నీళ్లు పోసి కడగండి.

మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టడం మామూలు పద్ధతి. మన బళ్లలో స్టీరింగు కుడివైపు కాబట్టి ముందు వెనక ఎడమ, తర్వాత వెనక కుడి, ముందు ఎడమ, చివరికి ముందు కుడి. మీ బండి పుస్తకంలో వేరే వరస ఉంటే అదే పాటించండి.

స్టాండ్లు ఇరుసు కిందే ఎందుకంటే, చాలా పికప్పుల్లో లోడుని బట్టి వెనక బ్రేకుకి ఆయిల్ ఒత్తిడి తగ్గించే వాల్వు ఉంటుంది. దాని కడ్డీ ఇరుసుకి కట్టి ఉంటుంది. ఇరుసు వేలాడితే బండి ఖాళీగా ఉందనుకుని ఒత్తిడి కోసేస్తుంది, వెనకకి ఆయిల్ సరిగ్గా రాదు.

నిపుల్‌కి పారదర్శకమైన ట్యూబు తొడిగి, రెండో కొస కొంచెం ఆయిల్ ఉన్న సీసాలో ముంచండి. పెడల్ మీదకి మా మేనల్లుణ్ణి కూర్చోబెట్టాను.

"మెల్లగా తొక్కు. పట్టుకో."

"పట్టుకున్నాను మావయ్యా."

పావుచుట్టు వదులు చేస్తే ట్యూబులోకి నల్లటి ఆయిల్, దానితో పాటు బుడగలు. "కిందకి పోతోంది మావయ్యా!" అని వాడి కేక. నిపుల్ బిగించాక, "ఇప్పుడు వదులు." ఈ వరస తప్పకూడదు. బిగించకముందే కాలు తీస్తే బయటి గాలి లోపలికి వస్తుంది. నాలుగైదు తొక్కులకి ఒకసారి డబ్బాలో ఆయిల్ చూసి నింపుతుండాలి. అది ఖాళీ అయితే మళ్లీ మొదటికి రావాల్సిందే.

పాత బండిలో పెడల్‌ని నేల దాకా తొక్కించకండి. మాస్టర్ సిలిండర్‌లో రోజూ కప్పులు తిరగని చోట తుప్పు పేరుకుని ఉంటుంది, అక్కడికి వెళితే అవి చిరుగుతాయి. పెడల్ కింద ఒక చెక్క ముక్క పెడితే సరిపోతుంది.

కొత్త నిపుల్ బిగింపు 8 నుంచి 10 న్యూటన్ మీటర్లు ఉంటే చాలు. అంటే చిన్న పానా, రెండు వేళ్ల బలం. మోచేతి బలం పెడితే వచ్చే ఏడాది మళ్లీ ఇదే కథ. బిగించే ముందు పై మరలకి మాత్రం కొద్దిగా సిలికాన్ గ్రీసు రాయండి, ములుకుకి, బెజ్జానికి అంటనీయొద్దు. బెజ్జంలోని చివరి చుక్క ఆయిల్ తుడిచి రబ్బరు టోపీ పెట్టండి. మా బావ బండిలో నాలుగు నిపుళ్లకీ కలిపి ఒక్క టోపీ ఉంది. అది ఉన్నది తేలిగ్గా వచ్చిన ముందు కుడి నిపుల్ మీద.

ఇంజన్ ఆపి పెడల్ నాలుగుసార్లు తొక్కి, అర నిమిషం గట్టిగా పట్టుకోండి. జారకూడదు. అలాగే పట్టుకుని ఇంజన్ స్టార్ట్ చేస్తే కొంచెం కిందకి దిగుతుంది, అది తొక్కుడు బలాన్ని పెంచే బూస్టర్ పని, భయం లేదు. కిందకి దూరి ప్రతి నిపుల్, ప్రతి పైపు నట్టు చుట్టూ పొడి వేలు తిప్పి చూడండి. జనం లేని సందులో నడక వేగంతో రెండు మూడుసార్లు బ్రేకు వేసి చూశాకే మెయిన్ రోడ్డు ఎక్కండి. మొదటి లోడు దించి వచ్చాక టైరు లోపలి వైపు తడి ఉందేమో మళ్లీ ఒకసారి చూడండి. చేపల బండి అయితే ఆ తడి ఐసు నీళ్లదో బ్రేక్ ఆయిల్‌దో రెండు వేళ్ల మధ్య రుద్దితే తెలిసిపోతుంది. ఆయిల్ జారుతుంది, నీళ్లు జారవు.